తూనీగకి ఒక అక్క

3, సోమవారం

ఇంట్లో చెప్పకూడని పని, ఆఫీసులో చెప్పుకోలేని గొప్ప. రెండూ కడుపులో దాచుకుంటే నాకు అజీర్తి చేస్తుంది. అందుకే అమ్మాయి వద్దని అటక మీద పారేసిన ఈ డైరీ తీశాను. అట్ట మీద పిల్లికూన బొమ్మ ఉంది. పోలీసు ఇన్‌స్పెక్టర్ డైరీ మీద పిల్లికూన. ఎవరైనా చూస్తే నవ్వుతారు. ఎవరూ చూడరులే.

పొద్దున ఆఫీసుకి ఒక స్కూలు ఆటల టీచరు వచ్చింది. షటిల్ బాగా ఆడే ఆడపిల్లలు ఒక్కొక్కరే రాకెట్ మూలన పడేస్తున్నారట. ఎందుకే అంటే తల దించుకుంటారట, గట్టిగా అడిగితే ఏడుస్తారట. ఒక్క పిల్ల మాత్రం సగం చెప్పి ఆపేసింది. ఊళ్ళో షటిల్ ఆడే అమ్మాయిలకని నెట్‌లో ఒక గ్రూపు ఉంది, దాన్ని నడిపేది చిన్ని అనే తొమ్మిదో తరగతి పిల్ల, ఆ చిన్నికి తన ఫొటో పంపకుండా ఉండాల్సిందట. అంతే. ఆ పిల్ల తల్లిదండ్రులు కేసూ గీసూ వద్దని తలుపేసుకున్నారు.

మా ఆఫీసు పెద్దాయన అంతా విని, మనవాళ్ళెవరైనా పదమూడేళ్ళ పిల్లలా ఆ గ్రూపులోకి వెళ్ళాలి అన్నారు. గదిలో అందరూ కుర్చీలు సర్దుకున్నారు. నేను చెయ్యెత్తాను. చేంతాడు కిసుక్కున నవ్వింది. మా కంప్యూటర్ల నిపుణురాలికి ఆ పేరు నేనే పెట్టాను, మాట మొదలుపెడితే బావి అడుగు దాకా వెళ్ళందే ఆగదు. నవ్వితే నవ్వనీ. ఈ ఉద్యోగంలో దొంగలతో దొంగభాష మాట్లాడాను, తాగుబోతులతో వాళ్ళ భాషే మాట్లాడాను. పదమూడేళ్ళ పిల్లలా మాట్లాడలేనా? ఒకప్పుడు నాకూ పదమూడేళ్ళే కదా.

పేరు తూనీగ. నేనే పెట్టుకున్నాను.

4, మంగళవారం

మాట్లాడలేను.

నేను రాసిన మెసేజ్ అమ్మాయికి చూపించాను, ఆఫీసులో స్నేహితురాలి కోసమని అబద్ధమాడి. "హాయ్. నా పేరు తూనీగ. నేను ఎనిమిదో తరగతి చదువుతున్నాను. మీ గ్రూపులో చేరవచ్చా." అది చదివి, "ఎవరమ్మా ఈవిడ, హెడ్మాస్టరమ్మా?" అంది.

ఫుల్‌స్టాప్ పెడితే కోపం వచ్చినట్టట. వాక్యం పూర్తిగా రాస్తే వయసైపోయినట్టట. "సరే" అని కట్టె విరిచినట్టు రాస్తే అలిగినట్టు, ఆ "ఏ" ని నాలుగు సార్లు సాగదీస్తే మనస్ఫూర్తిగా ఒప్పుకున్నట్టు. తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాయాలి, అందులోనూ సగం అచ్చులు మింగెయ్యాలి. ఇన్ని నియమాలు మా పోలీసు శిక్షణలో కూడా లేవు. సోఫాలో పక్కపక్కన కూర్చుని ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. ఈ మధ్య అమ్మాయి నా పక్కన అంతసేపు కూర్చోలేదు.

అది నాతో అన్నీ చెబుతుంది. అందుకే నాకు ఆ భయం లేదు.

6, గురువారం

చేరాను. చిన్నే చేర్చుకుంది. పువ్వులు, నవ్వులు, గుండె బొమ్మలు. ఏ బూట్లు జారవో చెబుతుంది, సర్వీసు ఎలా చెయ్యాలో చెబుతుంది, ఎవరు ఓడిపోయినా ఓదారుస్తుంది. కన్నతల్లి కూడా అంత ఓపిగ్గా ఉండదు. నిజమైన తొమ్మిదో తరగతి పిల్ల అసలే ఉండదు.

గ్రూపులో అందరికీ మారుపేర్లే. అందరిలోకీ నాకు నచ్చింది పిడుగు. తక్కువ రాస్తుంది, రాసింది నిక్కచ్చిగా ఉంటుంది. నేను రాకెట్ పట్టు గురించి తెలిసీ తెలియని ప్రశ్న వేస్తే, "తూనీగా నువ్వు అట్లకాడ పట్టుకున్నట్టు పట్టుకుంటున్నావ్, చెయ్యి కలిపినట్టు పట్టుకో" అంది. ఎవరూ చూడకుండా కాగితాల కట్టని రాకెట్ అనుకుని పట్టుకుని చూశాను. నిజమే, నాది అట్లకాడ పట్టే.

నాకంటే పెద్దపిల్ల కాబట్టి అక్కా అని పిలిచాను. తూనీగ కంటే పెద్ద అని.

9, ఆదివారం

తూనీగకి పదమూడు. నాకు నడుం నొప్పి.

అమ్మాయి ఫోన్ బల్ల మీద వదిలేసి స్నానానికి వెళ్ళింది. నేను చూడలేదు.

11, మంగళవారం

చిన్ని నాకు విడిగా రాయడం మొదలుపెట్టింది. షటిల్ కోర్టులో నువ్వెవరో గుర్తుపట్టడానికి ఫొటో పంపు అంది. ఇంట్లో తిడతారు అని తప్పించాను. మనంతట మనం ఊరించకూడదు, వాళ్ళు ఎంత దూరం వస్తే అంతవరకే చూడాలి. అది మా నియమం. చేంతాడు నా పక్కనే కూర్చుని ప్రతి అక్షరం భద్రం చేస్తోంది.

తర్వాత చిన్ని నన్ను బుజ్జగిస్తూ, "మా బావమరిది షాపులో నిమ్మపండు రంగు రాకెట్ గ్రిప్పులు వచ్చాయి, నీకొకటి ఇప్పిస్తా" అని రాసింది.

ఆ వాక్యం చదువుతుంటే అన్నంలో రాయి తగిలినట్టు అయింది. మళ్ళీ చదివాను. ఏమిటో అంతుపట్టలేదు. చేంతాడుని అడిగితే అక్షరదోషం ఉందేమో అంది. అక్షరదోషం లేదు. మరి రాయి ఏమిటి?

12, బుధవారం

ఇవాళ నిద్ర పట్టేలా లేదు. టీ ఎక్కువైంది.

సాయంత్రం పిడుగు నుంచి తూనీగకి విడిగా మెసేజ్ వచ్చింది. నేను చదవడం పూర్తయ్యీ కాకముందే మాయమైంది, తనే చెరిపేసింది. చేంతాడు పట్టి ఉంచబట్టి సరిపోయింది. ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రాసుకుంటున్నాను:

"చెల్లీ నీ ఫొటో పంపకు. చిన్ని అమ్మాయి కాదు, ఎవడో మగాడు. నా ఫొటో వాడి దగ్గరుంది. ఆదివారంలోపు నీతో ఫొటో పంపించకపోతే నాది స్కూలంతా పంపిస్తానన్నాడు. నేను పంపించను. నువ్వు గ్రూపులోంచి పో. నా పాస్‌వర్డ్ వాడికి తెలుసు, దీనికి జవాబు రాయకు"

పిడుగు ఫుల్‌స్టాప్‌లు పెట్టింది. అమ్మాయి చెప్పింది గుర్తొచ్చింది. అది కోపం.

పద్నాలుగో పదిహేనో ఉంటాయి. నెత్తి మీద కత్తి వేలాడుతోంది. ముఖమైనా చూడని చెల్లెల్ని ఇచ్చేస్తే తను బయటపడొచ్చు. ఇవ్వనంది. ఎవరో తెలియని పిల్ల కోసం, నా కోసం, ఈ నడుం నొప్పి మనిషి కోసం. ఈ ఉద్యోగంలో నాకు పతకాలు వచ్చాయి, ఫొటోలు తీశారు, దండలు వేశారు. ఇవాళ పొంగినట్టు నా గుండె ఎప్పుడూ పొంగలేదు. ఆ పిల్ల నాకేమవుతుందని నాకింత గర్వం? అక్క అవుతుంది.

పెద్దాయన దగ్గరికి వెళ్ళి, పిడుగుకి నిజం చెప్పేస్తాను, మేమున్నామని చెప్పేస్తాను అన్నాను. వీల్లేదన్నారు. ఆ పిల్లకి రాసిందల్లా వాడూ చదువుతాడు. పోలీసులని తెలిస్తే ఆదివారం దాకా ఆగడు, ఈ క్షణమే ఫొటో పంపించేస్తాడు. ఆయన చెప్పింది సబబే. అది సబబు కాబట్టే ఆయన మీద ఒళ్ళు మండిపోయింది.

పిడుగు ఎవరో ఆటల టీచరుకీ తెలియదు. ఊళ్ళో అన్ని స్కూళ్ళ పిల్లలూ ఉన్నారు అందులో. వివరాలు ఇమ్మని ఆ సైటు కంపెనీకి అర్జెంటుగా రాశాం. అందింది, పరిశీలిస్తున్నాం అని జవాబు.

13, గురువారం

కంపెనీ పరిశీలిస్తోంది.

రాత్రి భోజనాల దగ్గర మా ఆయన మొదలుపెట్టారు. మా తమ్ముడు కుక్కరు పట్టుకెళ్ళి పండగలు మారినా తిరిగివ్వలేదని. "నా బావమరిది సంగతి నాకు తెలీదా? భార్యతో పాటు ఉచితంగా వచ్చిన సరుకు" అన్నారు.

ముద్ద నోటి దగ్గర ఆగిపోయింది.

నా బావమరిది. ఆ మాట ఆయన అనాలి. నేను అనలేను. పుట్టి బుద్ధెరిగాక నా నోటి నుంచి ఎప్పుడూ రాలేదు, రాదు కూడా. ఆడదానికి మరిది ఉంటాడు, బావ ఉంటాడు, మావయ్య కొడుకు ఉంటాడు. బావమరిది ఉండడు. చిన్ని మగాడని పిడుగు చెప్పనే చెప్పింది. వాడు ఎలాంటి మగాడో, వాడి భార్య తమ్ముడికి ఏముందో వాడే చెప్పాడు. షాపు ఉంది. అందులో నిమ్మపండు రంగు గ్రిప్పులు ఉన్నాయి. ఎన్ని గుండె బొమ్మలు పెట్టినా, ఎన్ని అచ్చులు మింగినా, చుట్టరికం దగ్గర నాలుక అలవాటు మానలేదు వెధవకి.

లేచి ఎంగిలిచేత్తోనే పెద్దాయనకి ఫోన్ చేశాను. ఆయన (మా ఆయన) కుక్కరు గురించి పోలీసులకి ఫిర్యాదు చేస్తున్నాననుకుని కంగారుపడ్డారు.

14, శుక్రవారం

మొదటిసారి చదివినప్పుడే పట్టేశానని ఆఫీసులో చెప్పాను. దాదాపు నిజమే.

చేంతాడు నోరు తెరిచి ఉండిపోయింది. తర్వాత మామూలుగానే బావి అడుగు దాకా వెళ్ళింది. ఆటల టీచరుని పిలిచి, పిల్లలు రాకెట్లకి గట్టింగ్ ఎక్కడ చేయిస్తారని అడిగాం. తెగిన తీగలు తీసి కొత్తవి బిగించడాన్ని గట్టింగ్ అంటారట. ఆటల సామాన్ల షాపులు చాలా ఉన్నా, ఆ పని బాగా చేసేది బస్టాండు వెనక వీధిలో ఒకే షాపట. పిల్లలు రాకెట్ ఇస్తే పిడికి చీటీ కడతారట. చీటీ మీద పేరు, ఫోన్ నంబరు. ఆ సైటులో నంబరు కొడితే మనిషి ఖాతా దొరుకుతుంది. వలా అక్కర్లేదు, గాలమూ అక్కర్లేదు. చేపలే వచ్చి చిరునామా రాసిచ్చి వెళుతున్నాయి.

గట్టింగ్ చేసేది ఎవరని అడిగాను. షాపు ఓనరు వాళ్ళ బావగారు అంది టీచరు. చాలా మంచాయన, పిల్లలంటే ప్రాణం అంది.

పెద్దాయన లేచి తలుపు వేశారు.

మంచాయన అయినా కావచ్చు. అనుమానం మీద షటర్ దించితే, వాడు కాకపోతే, అసలువాడికి తెలిసిపోతుంది. ఆదివారం ఎల్లుండే.

15, శనివారం

అమ్మాయి సెలవుల్లో ఆడే షటిల్ రాకెట్ ఇమ్మని అడిగాను. "తూనీగకా?" అంది. ఎవరు చెప్పారే అన్నాను. హెడ్మాస్టరమ్మకి ఆఫీసులో స్నేహితురాళ్ళు ఉండరు కదా అంది, తలెత్తకుండా. తర్వాత, "జాగ్రత్తమ్మా" అంది. నా కూతురు నాకు జాగ్రత్త చెప్పింది.

మామూలు చీర కట్టుకుని వెళ్ళాను. షాపు ఇరుకుగా ఉంది, కొత్త రబ్బరు వాసన. గోడకి వేలాడుతున్న గ్రిప్పుల్లో నిమ్మపండు రంగువి నాలుగో ఐదో. వెనక గది తలుపు తీసే ఉంది. కళ్ళజోడు మనిషి, శుభ్రంగా దువ్విన తల, బిగింపు మిషను ముందు కూర్చుని పని చేసుకుంటున్నాడు. రాకెట్ అందుకుని, తీగల మీద వేలితో మీటి, అమ్మాయి బాగా కొడుతుందండీ అన్నాడు. నాకు స్టూలు వేసి మంచినీళ్ళు ఇచ్చాడు. పేరు, నంబరు అడిగాడు. మొగ్గ అని చెప్పి, పొద్దునే తీసుకున్న కొత్త నంబరు ఇచ్చాను. ఆ నంబరు లోకంలో ఇంకెవరికీ తెలియదు. దాని మీద ఖాతా మాత్రం చేంతాడు తెరిచి పెట్టింది.

లేస్తుంటే అన్నాడు: "ఆడపిల్లని కాస్త కనిపెట్టుకుని ఉండండమ్మా. రోజులు బాగోలేవు."

నిజమేనండీ అన్నాను. ఆ మాట నోటి నుంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. బయటికొచ్చాక బస్టాండు కుళాయి దగ్గర రెండు సార్లు నోరు పుక్కిలించాను. ఎండ ఎక్కువగా ఉంది.

ఆఫీసుకి వచ్చి ఆ కొత్త ఫోన్ బల్ల మీద పెట్టి చుట్టూ కూర్చున్నాం. మధ్యాహ్నం లేదు. టీ వేళకీ లేదు. పెద్దాయన గోడ వైపు తిరిగి నిలబడ్డారు. దీపాలు వేసే వేళకి ఫోన్ టింగుమంది.

"హాయ్ మొగ్గా నేను చిన్ని, నువ్వు కూడా షటిల్ ఆడతావా" పువ్వు, నవ్వు, గుండె బొమ్మ.

నేను బల్ల మీద ఒక్క గుద్దు గుద్దాను.

వారంటు కాగితాల కోసం పెద్దాయన పరిగెత్తారు. తెల్లారితే గానీ రావు. ఈలోగా గ్రూపులో పిడుగు అందరికీ కనిపించేలా రాసింది: "రేపట్నుంచి నేనుండను. నా రాకెట్ ఎవరికైనా కావాలా"

ఉండను అంటే గ్రూపులో ఉండననా? ఆటలో ఉండననా? నేను ఈ ఉద్యోగంలో అలాంటి మాటలు చాలా విన్నాను. రెండో అర్థం, మూడో అర్థం ఉంటుందని తెలుసు. పిడుగు ఎక్కడుందో తెలిస్తే తలుపు బద్దలుకొట్టుకుని వెళ్ళేదాన్ని. తెలియదు. నా దగ్గరున్నది తూనీగ ఒక్కతే. వాడూ చదువుతాడు, కాబట్టి చిన్నపిల్ల మాటలే రాయాలి. నేను రాసింది పోలీసు శాఖలో ఎవరూ రాసి ఉండరు:

"అక్కా నాకేఏఏ ఇవ్వు ఆ రాకెట్, ఎవ్వరికీ ఇవ్వకు, సోమవారం పొద్దున కోర్టుకి వస్తా, నీ చేత్తోనే ఇవ్వాలి, నువ్వు రాకపోతే నేనేడుస్తా, ఒట్టు వెయ్యి అక్కా"

చాలాసేపు ఏమీ రాలేదు.

తర్వాత, "ఒట్టు"

16, ఆదివారం

పట్టుకున్నాం.

షటర్ సగం లేచి ఉండగానే లోపలికి వంగి వెళ్ళాను. నడుం నొప్పి గుర్తు రాలేదు. ఓనరు, అంటే ఆ బావమరిది, రెండు చేతులూ చాపి అడ్డం నిలబడ్డాడు. మా బావ అలాంటివాడు కాదండీ, చీమకి కూడా హాని చెయ్యడండీ అని ఏడుస్తున్నట్టే అన్నాడు. బావమరిది బతక కోరతాడని సామెత. పాపం, అతను నిజంగానే కోరాడు. వెనక గదిలో షటిల్ కాక్‌ల డబ్బాలో రెండో ఫోన్ దొరికాక, అందులో చిన్ని పేరు చూశాక, గోడకి చేరగిలబడి మా అక్క ఏమైపోతుంది అన్నాడు. అతనికి స్టూలు లాగి వేశాను.

మంచాయన నన్ను గుర్తుపట్టాడు. గట్టింగ్ ఇంకా అవలేదండీ అన్నాడు. నిజంగా అదే అన్నాడు.

నేను చేంతాడు ముఖమే చూస్తున్నాను. ఫోన్ అటూ ఇటూ తిప్పి, ఏవో నొక్కి, చివరికి "పంపలేదు మేడమ్" అంది. చేంతాడు జీవితంలో రెండే మాటల్లో ముగించిన సంగతి ఇదొక్కటే. ఎవరివీ పంపలేదు. ఆదివారం సాయంత్రానికి సిద్ధంగా పెట్టుకున్నాడు, అంతే.

పిడుగు ఎవరో అక్కడే తెలిసింది. ఆటల టీచరు నేరుగా వాళ్ళింటికి వెళ్ళింది. పిల్ల ఉంది. క్షేమంగా ఉంది. తల్లి ఒళ్ళో తలపెట్టి పడుకుందట.

ఇంటికొచ్చి అమ్మాయితో అంతా చెప్పాను, చెప్పగలిగినంత. ఎవడైనా ఎప్పుడైనా నిన్ను బెదిరిస్తే, నువ్వు ఏం చేసి ఉన్నా సరే, నా దగ్గరికే రా అన్నాను. పోయిన ఆదివారం నీ ఫోన్ చూద్దామని చెయ్యి చాపాను, చూడలేదు అని కూడా చెప్పాను. తెలుసు, బాత్రూమ్ తలుపు సందులోంచి చూశాను అంది. చూసి ఉంటే నీకెప్పటికీ ఏమీ చెప్పేదాన్ని కాదు అంది. చెప్పడానికేమైనా ఉందా అని అడిగాను. ఉంటే చెబుతానులే తూనీగా అంది.

17, సోమవారం

కాగితాలు, కాగితాలు, కాగితాలు. ఆరుగురు పిల్లల తల్లిదండ్రులు వచ్చారు. తలుపేసుకున్న ఆ తల్లిదండ్రులు కూడా వచ్చారు.

సాయంత్రం ఆటల టీచరు ఫోన్ చేసింది. పొద్దున పిడుగు కోర్టుకి వచ్చిందట. ఆడలేదట. రాకెట్ పట్టుకుని గేటు దగ్గరే బడి గంట దాకా నిలబడిందట. ఎవరికోసమే అంటే, ఒక చెల్లికి ఒట్టేశాను అందట.

నేను మర్చిపోయాను. దొంగని పట్టుకున్న మత్తులో ఒట్టు పెట్టించుకున్నదాన్ని నేనే మర్చిపోయాను.

18, మంగళవారం

తూనీగ ఎవరో ఎవరికీ చెప్పకూడదని పెద్దాయన పొద్దునే మరోసారి హెచ్చరించారు. ఇలాంటి చిన్నిలు ఇంకా ఉన్నారు, తూనీగ అవసరం మళ్ళీ పడుతుంది. అలాగే సర్ అన్నాను.

పిడుగు తల్లితో కలిసి వచ్చింది. చిన్న పిల్ల. నా ఊహలో పొడుగ్గా ఉండేది. రెండు జడలు, మోచేతి మీద పాత దెబ్బ మచ్చ, చేతిలో సంచీలో చుట్టిన రాకెట్. వాంగ్మూలం తడబడకుండా చెప్పింది. ఏడవాల్సిన చోట ఏడ్చింది, మంచినీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టింది. తల్లి కొంగుతో కళ్ళొత్తుకుంటూనే ఉంది. వాడు ఇంకో పిల్లని తెమ్మన్నప్పుడు ఎందుకు కాదన్నావమ్మా, భయం వెయ్యలేదా అని అడిగాను. నియమం ప్రకారం అడగాల్సిన ప్రశ్న కాదు.

"వేసింది. కానీ ఆ పిల్లకి రాకెట్ పట్టుకోవడం కూడా రాదండీ" అంది.

అంతే. అదే కారణం. నేను కాగితాలు సర్దుతున్నట్టు బల్ల కిందకి వంగి కళ్ళు తుడుచుకున్నాను.

సంతకాలయ్యాక పిల్ల లేవలేదు. తూనీగ దొరికిందా అండీ, తనకేం కాలేదు కదా అంది. ఏం కాలేదు, బాగుంది అన్నాను. నిన్న కోర్టుకి రాలేదండీ, ఏడుస్తానంది, ఇంట్లో తిట్టారేమో అంది. తర్వాత సంచీ విప్పి రాకెట్ బల్ల మీద పెట్టింది. పాతదే, అంచు చెక్కుకుపోయింది, గ్రిప్పు మాత్రం కొత్తది, తనే చుట్టిందట.

"ఇది తనకి ఇవ్వండి. నేను మా అమ్మ కొన్న కొత్తదాంతో ఆడుకుంటాను. అట్లకాడలా పట్టుకోవద్దని చెప్పండి."

తల్లి భుజం మీద చెయ్యేసి తీసుకెళ్తోంది. తలుపు దాకా వెళ్ళారు. పెద్దాయన గది తలుపు తెరిచే ఉంది, చేంతాడు ఇటే చూస్తోంది. నేను రాకెట్ తీసుకున్నాను. చెయ్యి కలిపినట్టు పట్టుకున్నాను.

"జాగ్రత్తగా వెళ్ళు, అక్కా."

పిల్ల ఆగింది. వెనక్కి తిరిగింది. నా నెరిసిన జుట్టు చూసింది, యూనిఫాం చూసింది, నా చేతిలో రాకెట్ పట్టు చూసింది. చాలాసేపు చూసింది. తల్లి ఏమిటే అంటే, ఏం లేదమ్మా అంది. తర్వాత ముఖమంతా విచ్చుకుని నవ్వింది. ఆ నవ్వు ముందు నా పతకాలన్నీ పెరట్లో పాతిపెట్టేసినా ఫరవాలేదు.

పెద్దాయన అడిగితే చెబుతాను. నేనేమీ చెప్పలేదు సర్. పేరు చెప్పలేదు, ఊరు చెప్పలేదు, వరస పెట్టి పిలిచాను, అంతే. మన భాషలో ఎవరినైనా పిలుస్తాం కదా సర్.

ఇప్పుడే తూనీగకి మెసేజ్ వచ్చింది, కొత్త పాస్‌వర్డ్‌తో, కొత్త ఖాతాలోంచి: "రేపు పొద్దున ఆరింటికి కోర్టు దగ్గర, ఈసారి రాకపోతే నేనేడుస్తా"

అమ్మాయి బూట్లు నాకు సరిపోతాయో లేదో చూసుకుని, జవాబు రాశాను. ఈసారి ఎవరి సాయమూ లేకుండా, తప్పుల్లేకుండా రాశాను:

సరేఏఏఏ అక్కా